ప్లస్ వాళ్ళింట్లో మైనస్ కళ్ళు

నా కుడికంటికి శుక్లం తీసిన మర్నాడు, చూసి పోదామని వచ్చినవాళ్ళందరూ నాకు ఒకే పరీక్ష పెట్టారు. బాల్కనీలో నిలబెట్టి, రోడ్డు అవతలి మందుల షాపు బోర్డు చదవమన్నారు. చదివాను. బోర్డు కింద సన్నగా రాసి ఉన్న ఫోన్ నంబరు చదవమన్నారు. అదీ చదివాను. మా ఆయన ముఖంలో గృహప్రవేశం చేయించిన మేస్త్రీకి ఉండే తృప్తి కనిపించింది. అద్దాల్లేకుండా చదివేస్తోంది చూశారా అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. అందరూ సంతోషించారు, కాఫీలు తాగారు, వెళ్ళారు.

నేను సంతోషించలేదు. ఎందుకంటే ఆ రోజు పొద్దున్నే వంటింట్లో, కంట్లో వేసుకునే చుక్కల మందు సీసా మీద ఏం రాసి ఉందో చూద్దామని అలవాటు చొప్పున ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాను. అక్షరాలు ఉండాల్సిన చోట ఒక బూడిదరంగు మరక ఉంది. సీసాను ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. మరక అలాగే ఉంది. జీవితమంతా ఎవరి సాయమూ లేకుండా నేను చూసిన దగ్గరి లోకం కుడికంటికి పోయింది. ఇక ఎడమకన్ను ఒక్కటే మిగిలింది. దానికీ శుక్లం ఉంది. దానికీ ఆపరేషన్ చేయాలి. ఈ రాసేదంతా ఆ ఎడమకన్నును కాపాడుకోవడానికి నేను చేసిన గొడవ గురించి.

నా పవర్ మైనస్ ఆరున్నర. అంటే ఏమిటో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు కాబట్టి ఇక్కడైనా చెబుతాను. నా కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా కాస్త పొడుగు. దూరం నుంచి వచ్చే వెలుగు రెటీనా దాకా రాకుండా ముందే ఒకచోట కలిసిపోతుంది. పుస్తకాల్లో దీన్ని హ్రస్వదృష్టి అన్నారు. మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉండే అద్దం, అదే పుటాకార కటకం, కంటి ముందు పెడితే ఆ వెలుగు కాస్త విచ్చుకుని పడాల్సిన చోట పడుతుంది. మైనస్ పక్కన అంకె పెరిగిన కొద్దీ అద్దం అంచు మందమవుతుంది. మనిషికి మర్యాద తగ్గుతుంది.

మర్యాద సంగతి నాకు చిన్నప్పుడే తెలిసింది. మెట్టుగూడలో మేం చదివిన బడిలో లెక్కల టీచరు నన్ను బెంచీ ఎక్కించింది, బోర్డు మీద లెక్క ఎక్కించుకోకుండా పక్కపిల్ల పుస్తకంలోకి చూస్తున్నానని. బోర్డు మీద లెక్క ఉందన్న సంగతే నాకు తెలియదు. నాకు కనబడేది నల్లటి గోడ, దాని ముందు కదిలే ఒక చీర. తర్వాత అద్దాలు వచ్చాయి. మా అమ్మ వాటిని చూసి, "ఆడపిల్ల మొఖానికి గింత గింత అద్దాలేందీ" అని మా నాన్నను తిట్టింది. గల్లీలో ఒకడు సోడాబుడ్డి అని పేరు పెట్టాడు. పేరు పెట్టినవాడు ఇప్పుడు తాతయ్యాడు. ఎక్కడైనా పెళ్ళిలో ఎదురుపడితే మర్యాదగా నమస్కారం పెడతాడు. నేను తిరిగి పెట్టను.

అయితే ఆ అద్దాలు తీసేస్తే నాకు ఉన్నది ఏమిటో అప్పట్లో వాళ్ళెవరికీ తెలియదు. నాకూ తెలియదు. మైనస్ కన్ను దూరానికి పనికిరాదు కానీ దగ్గరకి అది భూతద్దం లాంటిది. నా కంటికి సరిగ్గా ఆరంగుళాల దూరంలో ఉన్నది చీమ కాళ్ళతో సహా కనిపిస్తుంది. పడుచువాళ్ళందరి కళ్ళలోని కటకమూ అంత దగ్గరకి కాస్తో కూస్తో వంగుతుంది. నలభై దాటాక కంటి లోపలి కటకం బిగుసుకుపోయి వంగడం మానేస్తుంది. దాన్నే చత్వారం అంటారు. చత్వారం నాకూ వచ్చింది, కానీ నేను అద్దాలు తీసేస్తే చాలు, దాని బెడద నాకు లేదు. తోటివాళ్ళందరూ పేపరును చేయి చాచి దూరంగా పట్టుకునే వయసులో నా రాజ్యం మొదలైంది. సూదిలో దారం ఎక్కించడానికీ, ముల్లు తీయడానికీ, మాత్రల అట్ట మీద గడువు చదవడానికీ ఇల్లంతా నా దగ్గరకే వచ్చేది. పిలిచేటప్పుడు సోడాబుడ్డి అనేవాళ్ళు కాదు.

అన్నిటికన్నా రఫ్ఫు పని. పట్టుచీరకు అగరువత్తి నిప్పు అంటుకున్నా, మేకు తగిలి చిరిగినా, ఆ చీర లోపలి అంచు నుంచే పోగులు లాగి, చిరుగు మీద పడుగూ పేకా మళ్ళీ నేసినట్టు సూదితో అల్లాలి. మా మేనత్త చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆఫీసు ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు రోజుల్లో చేశాను. రిటైరయ్యాక మధ్యాహ్నాలన్నీ దానికే. డబ్బు కోసం కాదు. చిరుగు ఎక్కడుండేదో కట్టుకున్నావిడకే తెలియకుండా చేయడం నాకు ఇష్టం. పోగుకి పోగు కలపడమంటే పోగు కనబడాలి కదా. అద్దాలు పక్కన పెట్టి, చీరను ముఖానికి దగ్గరగా పట్టుకుని చేసేదాన్ని. ఆ వాలకం చూసి మా మరిది, వదిన చీర వాసన చూస్తోంది అనేవాడు. అన్నప్పుడల్లా అందరూ నవ్వేవాళ్ళు. అది కూడా నాకు గుర్తుంది.

నా అత్తవారిది కృష్ణా వైపు నుంచి వచ్చి రెజిమెంటల్ బజార్లో ఇనుప సామాన్ల కొట్టు పెట్టుకున్న కుటుంబం. పైన మేం, కింద మరిదీ తోడికోడలూ. ఆ ఇంట్లో అందరివీ ప్లస్ కళ్ళు. ప్లస్ అంటే నాకు తలకిందులు. కనుగుడ్డు పొట్టి, వెలుగు కలవాల్సిన చోటు రెటీనా వెనక్కి పోతుంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే అద్దం పెట్టాలి. చిన్నప్పుడు మెత్తగా ఉన్న కటకం ఆ లోటును తానే సర్దేస్తుంది కాబట్టి వాళ్ళకి ఏమీ తెలియదు. ముప్ఫై అయిదు దాటగానే దగ్గరిది పోతుంది. తర్వాత దూరం కూడా పోతుంది. అందుకని శుక్లం ఆపరేషన్ అయ్యాక అద్దాల్లేకుండా దూరం కనబడటమే ఆ ఇంట్లో మోక్షం. మా మామగారు చేయించుకున్నారు, మరిది చేయించుకున్నాడు, మా ఆయనా చేయించుకున్నారు. అందరూ ఆ మందుల షాపు బోర్డు చదివినవాళ్ళే.

ఇక ఆ ఇంట్లో నాకు గొడవ మనిషి అని పేరు. ఆ పేరు కూడా ఒక కళ్ళద్దాల జత వల్లే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో బజార్లోనే ఒక షాపులో అద్దాలు మార్పించాను. నాకు కొంచెం సిలిండర్ పవర్ ఉంది. కంటి ముందు పొర బంతిలా గుండ్రంగా కాక ఒకవైపు కాస్త సాగి ఉంటే, ఆ ఒక్క దిక్కునే సరిదిద్దే అద్దం అది. దాన్ని ఏ కోణంలో బిగించాలో చెప్పే అంకెను యాక్సిస్ అంటారు. కొత్త అద్దాలు పెట్టుకుని బయటికి రాగానే రోడ్డు ఎడమకి ఒరిగింది. లోపలికి వెళ్ళి చెప్పాను. "అలవాటైతది అమ్మా, నాలుగు దినాలు పెట్టుకోండ్రి" అన్నాడు షాపాయన. రోడ్డుకి అలవాటు కావాలా, నాకు కావాలా అని అడిగి, అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. వచ్చిన ప్రతి గిరాకీకీ నేనెందుకు కూర్చున్నానో చెప్పాను. సాయంత్రానికి ఆయన అద్దాన్ని మిషన్ కింద పెట్టి చూసి, విప్పి, తిప్పి బిగించాడు. యాక్సిస్ తప్పు పడింది. తప్పయిందని మాత్రం అనలేదు. మా ఇంట్లోనూ ఎవరూ అద్దం తప్పని చెప్పుకోలేదు. నేను షాపులో కూర్చున్నానని చెప్పుకున్నారు.

కాబట్టి నాకు శుక్లాలు వచ్చి, లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టు అన్నీ మసకబారినప్పుడు, ఆసుపత్రిలో మాటలన్నీ తానే మాట్లాడాలని మా ఆయన ముందే నిర్ణయించుకున్నారు. శుక్లం పట్టిన కటకాన్ని తీసేసి దాని చోట ఒక కృత్రిమ కటకం పెడతారు. ఆ కటకం పవరును ఎంచుకోవచ్చు. దూరం బాగా కనబడేలా పెట్టవచ్చు, దగ్గర బాగా కనబడేలానూ పెట్టవచ్చు. మామూలు కటకంతో రెండూ కుదరవు. పెట్టాక అది వంగదు, మారదు, చచ్చేదాకా అదే. కన్ను పొడవు కొలవడానికి నన్ను లోపలికి తీసుకెళ్ళినప్పుడు, బయట కౌన్సెలింగ్ చేసే అమ్మాయి దూరానిదా దగ్గరదా అని అడిగిందట. ఇంకేముంది, మా ఆయన మోక్షం వైపే చెప్పారు.

ఈ సంగతి నాకు ఆపరేషన్ తర్వాత, చుక్కల మందు సీసా చదవలేకపోయిన రోజునే తెలిసింది. వచ్చినవాళ్ళు వెళ్ళాక అడిగాను.

"నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు లోపల ఉన్నావుగా. అయినా అడగడానికేముంది, ఎవరైనా దూరమే కోరుకుంటారు."

"నేను కోరుకోలేదు."

"నిన్ను అడిగితే ఆపరేషన్ ఈ ఏడాదిలో అయ్యేదా? దగ్గరకి కావాలంటే రెడీమేడ్ అద్దాలు దొరుకుతాయి, ప్లస్ రెండున్నర. నేను పెట్టుకోవట్లేదూ?"

ఆయనకి నా మీద కోపమేమీ లేదు. తనకి ఇష్టమైన స్వీటు నాకూ పెట్టినట్టు పెట్టారు. అదే నాకు ఎక్కువ బాధ. ఆ రెడీమేడ్ అద్దాలు పెట్టుకుంటే పేపరు అడుగున్నర దూరంలో కనిపిస్తుంది. ఆరంగుళాల దగ్గర ఉండే నా పోగు కనబడదు. ఆ తేడా ఆయనకి చెప్పి చూశాను. పుట్టి బుద్ధెరిగాక ఆరంగుళాల దగ్గర దేన్నీ చూడని మనిషికి అక్కడ ఏం పోయిందో ఎలా చెప్పాలి?

కింది నుంచి తోడికోడలు వచ్చింది. నా ముఖాన్ని అటూ ఇటూ చూసి, "అక్కా, అద్దాలు లేకపోతే ఎంత బాగున్నావో" అంది. ఇన్నేళ్ళూ ఎలా ఉన్నానో అలా తెలిసింది. చేతిలో వంగపండు రంగు పట్టుచీర ఉంది. హారతి ఇస్తుంటే కర్పూరం రవ్వ పడి చిల్లి పడిందట. తన అక్క కొడుకు పెళ్ళికి కట్టుకోవాలంది. నా కన్ను సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, ఇంకో కన్ను ఉందిగా అక్కా, దాంతో చెయ్యి, తొందరేం లేదు అని చీర నా మంచం మీద పెట్టి వెళ్ళింది.

ఆ ఇంకో కన్ను పరిస్థితి చెప్పాలి. కుడికంటికి ఇప్పుడు అద్దం అక్కర్లేదు. ఎడమకంటికి మైనస్ ఆరున్నర కావాలి. పాత అద్దాల్లోంచి కుడివైపు పవర్ తీయించి, అక్కడ ఉత్త గాజు పెట్టించారు. మైనస్ అద్దంలోంచి చూస్తే వస్తువు చిన్నగా కనిపిస్తుంది. ఉత్త గాజులోంచి చూస్తే మామూలుగా కనిపిస్తుంది. రెండూ ఒకేసారి పెట్టుకుని మోండా మార్కెట్‌కి వెళ్తే, ఒకే వంకాయ రెండు సైజుల్లో ఉంది. బేరం ఏ వంకాయకి చేయాలో తెలియలేదు. మెట్టు ఒకటి అనుకున్న చోట రెండు ఉన్నాయి. తలనొప్పి వచ్చి ఆటోలో వెనక్కి వచ్చేశాను. అద్దాలు తీసేస్తే ఎడమకంటికి పోగు తగులుతుంది కానీ దాని ముందు పొగమంచు. చిల్లి చుట్టూ పోగులు లెక్కపెట్టబోతే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చీర మడిచి పెట్టేశాను.

అంటే ఎడమకంటికి ఆపరేషన్ తప్పదు. చేయించుకుని దూరం పెట్టించుకుంటే మా ఇంట్లో శాంతి. నాకు పోగు పోతుంది. కుడికంటిలో కటకాన్ని తీసి మళ్ళీ మార్చమంటే అదో పెద్ద ప్రమాదమని చెప్పారు. ఇక మిగిలింది ఈ ఒక్క కన్నే. ఈసారి నేనే మాట్లాడతానని, మీరు బయట కూర్చోండని మా ఆయనకి చెప్పాను. ఆయన వెంటనే సరేనన్నారు. అది కూడా నాకు అనుమానంగానే ఉంది.

కౌన్సెలింగ్ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. "మల్ల దూరమే కదా ఆంటీ?" అని రాసేసుకోబోయింది.

"దగ్గర" అన్నాను.

"దగ్గరకా? ఎవ్వరు పెట్టించుకోరు ఆంటీ. రెండు కండ్లు సేమ్ ఉంటేనే మంచిగుంటది. గిట్ల వేరే వేరే పెట్టుకుంటే తర్వాత తక్లీఫ్ అయితదని మీరే మల్లొస్తరు."

నాకు కోపమొస్తే మెట్టుగూడ బయటికొస్తుంది. "తక్లీఫ్ అయినా కాకున్నా నేనొస్తనే ఉంట బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి నన్ను వెంటనే డాక్టర్ దగ్గరికి పంపించింది.

డాక్టర్ తొందర మనిషే కానీ విన్నాడు. సంచిలోంచి ఒక పట్టు ముక్క తీసి, ఎంత దగ్గరగా పట్టుకుంటానో చూపించాను. ముక్కుకు ఆనిన ముక్కను చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. పాత మైనస్ ఆరున్నర మళ్ళీ ఇవ్వలేనన్నాడు. ఒక కన్ను సున్నా, ఒకటి ఆరున్నర అయితే ఆ రెండు బొమ్మలనూ మెదడు ఒకటిగా కలపలేదట. అద్దం పెట్టి సరిచేద్దామన్నా మళ్ళీ రెండు వంకాయలే. మైనస్ ఒకటిన్నర పెడతాను, కూరగాయలూ ఫోనూ కనిపిస్తాయి అన్నాడు. కూరగాయలకి నేను కళ్ళు చేయించుకోవడం లేదన్నాను. రెండు అన్నాడు. నాలుగు అన్నాను. చివరికి ఒక ఖాళీ ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, కుడికంటి ముందు ప్లస్ అద్దాలు ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. దూరానికి సరిచేసిన కంటి ముందు ప్లస్ మూడు పెడితే, అది మైనస్ మూడు కన్ను చూసినట్టే చూస్తుందట. పట్టు ముక్కను అడుగు దూరంలో పట్టుకున్నాను. పోగులు కనిపించాయి. పోగుకీ పోగుకీ మధ్య సందు కనిపించింది. పోగు లోపలి మెలి మాత్రం లేదు. అది ఆరంగుళాల దగ్గర ఉండేది.

"మూడు. అంతకు మించి నేను చేయను" అన్నాడు. "నిజానికి రెండున్నర దాటనివ్వను. కానీ మీవారు మొన్న వచ్చి చెప్పి వెళ్ళారు, ఆమె ఏది అడిగితే అది పెట్టేయండి డాక్టరుగారూ అని."

నేను కూడగట్టుకుని వచ్చిన గొడవంతటికీ ముందే అనుమతి ఇప్పించి పెట్టారన్న మాట. మూడుకి ఒప్పుకున్నాను.

బయటికి వచ్చి ఆటో ఎక్కాక అడిగాను. "మళ్ళీ నన్నడక్కుండా డాక్టర్‌తో మాట్లాడారా?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ, "ఈసారి నీ తరఫునే కదా మాట్లాడింది" అన్నారు.

"అయినా అడగలేదు."

"అడిగితే వద్దనేదానివి."

అది నిజమే. కానీ ఆయనలో ఆ రోజు ఏదో మారిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొదటిసారి నన్నడక్కుండా దూరం ఇప్పించారు, రెండోసారి నన్నడక్కుండా దగ్గర ఇప్పించారు.

ఎడమకంటి కట్టు విప్పిన రోజు ఎవరూ నన్ను బాల్కనీలో నిలబెట్టలేదు. ఏం పరీక్ష పెట్టాలో వాళ్ళకి తెలియలేదు. నేను గదిలో కూర్చుని నా అరచేతిని అడుగు దూరంలో పెట్టి చూసుకున్నాను. గీతలన్నీ ఉన్నాయి. రెండు కళ్ళూ కలిసి పనిచేయడానికి కొన్నాళ్ళు పట్టింది. దూరం చూసేటప్పుడు కుడికన్ను ముందుకొస్తుంది, దగ్గర చూసేటప్పుడు ఎడమది. ఏది ఎప్పుడు రావాలో నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో లేని సర్దుబాటు నా తలలో కుదిరింది. ఇంకో మాట కూడా ఉంది. పొద్దున బాల్కనీలో నిలబడితే, ఎదురు మేడ మీద పావురం మెడ మీది రంగులు ఒకదాంట్లోంచి ఒకటి మారడం కుడికంటికి కనిపిస్తుంది. పావురానికి అన్ని రంగులుంటాయని నాకు ఇదివరకు తెలియదు. దాని గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పను. చెబితే మేమన్నామా లేదా అంటారు.

కంటి మంట తగ్గాక తోడికోడలి చీర తీశాను. చీరను ముఖం దగ్గరికి తెచ్చుకున్నాను, అలవాటు. మరక. అడుగు దూరానికి జరిపాను. చేతులు ఆ దూరంలో పనిచేయడం ఎరగవు. మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపలి అంచు నుంచి లాగిన పోగు రెండుసార్లు తెగింది. ఎప్పుడూ తెగేది కాదు. ఇదివరకు ఒక మధ్యాహ్నంలో అయ్యే పనికి వారం పట్టింది. పడుగులో ఒకచోట రెండు పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చూస్తే కనబడలేదు, వేలితో రాస్తే గరుకు తగిలింది. విప్పి మళ్ళీ చేశాను. మళ్ళీ ఎక్కాయి.

చీర తీసుకోవడానికి వచ్చి, తోడికోడలు దాన్ని కిటికీ వెలుగులో పరచి, తన ప్లస్ అద్దాలు పెట్టుకుని, ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతికింది.

"ఎక్కడో తెలియడమే లేదక్కా. కన్ను మారినా నీ చెయ్యి మారలేదు."

మెచ్చుకోవడానికే అంది. నేను లేచి ఆమె వేలు పట్టుకుని, ఆ పోగులు ఎక్కిన చోట పెట్టాను.

"ఇక్కడ" అన్నాను.

ఆమె వేలితో అటూ ఇటూ రాసింది. "నాకేం తగలట్లేదు."

"తగులుతుంది. మళ్ళీ చూడు."

ఆమె మళ్ళీ రాసింది, నా కోసం. ఆ తర్వాత, నాకు తెలిసిపోయేలాగే, అవునక్కా, కొంచెం ఉన్నట్టుంది అని అబద్ధం చెప్పింది. చీర మడిచి చేతికిచ్చి, పెళ్ళికి కట్టుకోమన్నాను.